ఇస్త్రీ పెట్టె మీద ఆ మాట ఎవరి కోసం రాశారు?

“బట్టలు ఒంటి మీద ఉండగా ఇస్త్రీ చేయకండి.” “మడిచే ముందు పిల్లని బయటికి తీయండి.” “ఈ వాషింగ్ మెషిన్‌లో మనుషుల్ని వేయకండి.” మూడూ నిజంగా వస్తువుల మీద అచ్చయిన హెచ్చరికలే. మొదటిది ఇస్త్రీ పెట్టె మీద, రెండోది పిల్లల్ని తోసుకెళ్లే మడత బండి మీద. ఇలాంటివి ఏరడానికి అమెరికాలోని మిషిగన్‌లో 1997లో ఒక పోటీ మొదలైంది. చెక్క చెక్కే రౌటర్ మీద “పళ్లు తొలచడానికి వాడవద్దు” అన్న మాట, టాయిలెట్ కడిగే బ్రష్ మీద “ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి వాడవద్దు” అన్న మాట ఆ పోటీతోనే ఊరంతా పాకాయి.

నవ్వొస్తుంది, రావాలి కూడా. నవ్వుతోపాటు “ఇంత తెలివితక్కువగా ఎవరు రాశారు” అని కొట్టిపారేస్తేనే నష్టం. ఈ లేబుళ్లలో కొన్ని నిజంగా అనవసరం. కొన్ని అనవసరంలా కనిపిస్తాయి, కానీ వెనక బలమైన కారణం ఉంటుంది. ఇంకొన్నిటి ఉద్దేశం సరైనదే, రాసిన చోటు తప్పు. ఏది ఏ రకమో పోల్చుకోవడం తెలిస్తే ఇంట్లో అసలు ప్రమాదం ఎక్కడుందో ఇట్టే కనబడుతుంది.

ముందు ఇస్త్రీ సంగతి. మూడు చుక్కల గుర్తు దగ్గర పెడితే ఇస్త్రీ పెట్టె అడుగు దాదాపు 200 డిగ్రీల సెల్సియస్‌కి చేరుతుంది. దాన్ని ఒంటికి ఆనిస్తే కాలుతుందని ఎవరికీ చెప్పక్కర్లేదు, అక్కడ ఆ వాక్యం వృథా. కానీ అదే వాక్యాన్ని చేత్తో పట్టుకుని ఆవిరి కొట్టే స్టీమర్ మీదికి మార్చి చూడండి. స్టీమర్‌కి కాలే రేకు కనిపించదు, మెత్తగా పొగలా వస్తుంది. తొడుక్కున్న చొక్కా మీదే ముడత తీసేద్దామని చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఆవిరి చర్మానికి తగిలి నీరుగా మారేటప్పుడు తనలో ఉన్న వేడినంతా అక్కడే వదిలిపెడుతుంది, అందుకే మరిగే నీళ్లకంటే అది ఎక్కువ కాలుస్తుంది. పైగా తడిసిన బట్ట ఒంటికి అతుక్కుని ఆ వేడిని పట్టి ఉంచుతుంది. ఒక వస్తువు మీద పనికిరాని మాటే, పక్క వస్తువు మీద కచ్చితంగా ఉండాల్సిన మాట. వాక్యాన్ని చూసి తీర్పు చెప్పకూడదు. వస్తువు చూడగానే చెయ్యి ఏం చేయబోతుందో అది చూడాలి.

మడత బండిది ఇంకోరకం. పిల్లని లోపల ఉంచి బండి మడిచేవాళ్లు ఉండరు. కానీ 2009 నవంబరులో మెక్‌లారెన్ సంస్థ అమెరికాలో దాదాపు 10 లక్షల బండ్ల మీద రీకాల్ ప్రకటించింది. విప్పేటప్పుడు, మడిచేటప్పుడు పక్కనున్న కీలులో పిల్లల వేళ్లు ఇరుక్కుని కొసలు తెగిన ఘటనలు అప్పటికే 12 నమోదయ్యాయి. పరిష్కారంగా ఇచ్చింది ఇంకో స్టిక్కర్ కాదు, కీలుకు తొడిగే గుడ్డ కవరు. అసలు చెప్పాల్సిన మాట “కీలు దగ్గర పిల్లల చేతులు లేవని చూసి అప్పుడు మడవండి, విప్పండి” అన్నది. “పిల్లని బయటికి తీయండి” అంటే నవ్వుకుని వదిలేస్తాం. కీలు పేరు చెప్తే కళ్లు అటు వెళ్తాయి.

వాషింగ్ మెషిన్ మీది మాటకు నవ్వడం నాకు కష్టం. ముందు తలుపు ఉండే మెషిన్లలో చిన్నపిల్లలు దూరి ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు ఉన్నాయి. డ్రమ్ము వాళ్ల ఎత్తుకు సరిపోతుంది, తలుపు పడిందంటే లోపలి నుంచి తీయడం వాళ్ల వల్ల కాదు. చిక్కేమిటంటే దూరేవాడికి చదవడం రాదు, చదవగలిగేవాడు దూరడు. పైగా ఈ మెషిన్లకు రెండు సలహాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి: రబ్బరు వలయానికి బూజు పట్టకుండా తలుపు కాస్త తెరిచి ఉంచమంటారు, పిల్లలుంటే మూసి ఉంచమంటారు. పిల్లలున్న ఇంట్లో రెండోదే పాటించాలి. ఉతకడం అయ్యాక రబ్బరు మడతల్ని పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూసి, చైల్డ్ లాక్ వేయండి. లాక్ సాధారణంగా ఒక బటన్‌ని 3 నుంచి 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే పడుతుంది. చాలా మోడళ్లలో అది బటన్లనే బిగిస్తుంది తప్ప తలుపుని బిగించదు. మీ మెషిన్‌లో ఏది బిగుస్తుందో మాన్యువల్ చూసి తేల్చుకోండి.

అసలు ఈ మాటలు ఎందుకు పుడతాయి? అమెరికాలో వస్తు బాధ్యత చట్టాల దారి, అంటే వస్తువు వల్ల హాని జరిగితే ఎవరు జవాబుదారీ అని చెప్పే చట్టాల దారి తెలిస్తే చాలావరకు అర్థమవుతుంది. అక్కడి కోర్టులు తరచూ ఆధారం చేసుకునే గ్రంథాల్లో అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ వారి ‘రీస్టేట్‌మెంట్’ ఒకటి. 1965 నాటి రెండో రీస్టేట్‌మెంట్‌లో 402ఎ సెక్షన్ కింద ఒక వ్యాఖ్య ఉంది: హెచ్చరిక ఇస్తే, వాడేవాళ్లు దాన్ని చదివి పాటిస్తారని అమ్మేవాడు అనుకోవచ్చు. దీన్ని కంపెనీ న్యాయవాది కళ్లతో చదివితే, లేబుల్ మీద ఒక వాక్యం చేర్చడానికి సిరా ఖర్చే, చేర్చకపోతే కోర్టు ఖర్చు. కాబట్టి ప్రతి ఫిర్యాదుకీ ఒక వాక్యం చేరుతూ పోయింది. తీసేయడానికి మాత్రం ఎవరూ సంతకం పెట్టరు.

1998లో అచ్చయిన మూడో రీస్టేట్‌మెంట్ ఈ ధోరణిని ఆపాలని చూసింది. అందరికీ తెలిసిన, కళ్లకు కనిపించే ప్రమాదం గురించి హెచ్చరించాల్సిన బాధ్యత సాధారణంగా లేదంది. అలాంటివి పేర్చుకుంటూ పోతే కనిపించని ప్రమాదాల గురించి చెప్పే మాటల బరువు తగ్గిపోతుందని కూడా చెప్పింది. సురక్షితంగా తయారుచేసే వీలున్నప్పుడు, హెచ్చరిక రాసి చేతులు దులుపుకుంటే చాలదనీ అంది. లేబుళ్లు రాసేవాళ్లు ఈ మూడు మాటల్నీ గోడకు అంటించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ కాఫీ కేసు గురించి చెప్పాలి, ఎందుకంటే “వేడిగా ఉంటుంది జాగ్రత్త” అన్న కప్పు చూపించి నవ్వేవాళ్లందరూ దాన్నే ఎత్తుకుంటారు. 1992లో న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో 79 ఏళ్ల ఒకావిడ ఆగి ఉన్న కారులో కూర్చుని మెక్‌డొనాల్డ్స్ కాఫీ కప్పు మూత తీస్తుండగా అది ఒళ్లో పడింది. ఆ కాఫీని 82 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ దగ్గర అమ్ముతున్నారు. ఆమెకు మూడో డిగ్రీ గాయాలయ్యాయి, అంటే చర్మం పొరలన్నీ కాలిపోయాయి, చర్మం అతికించాల్సి వచ్చింది. అంతకుముందు పదేళ్లలో కంపెనీకి 700కు పైగా ఫిర్యాదులు వచ్చాయని విచారణలో తేలింది. 1994లో జ్యూరీ పెద్ద పరిహారం చెప్పింది, జడ్జి దాన్ని బాగా తగ్గించారు, చివరికి కోర్టు బయట రాజీ అయ్యింది. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఆ కప్పు మీద అప్పటికే హెచ్చరిక ఉంది. అది ప్రమాదానికి తగినట్టు లేదని జ్యూరీ భావించింది.

ఇందులో లెక్క చూడండి. కాఫీ వేడిగా ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత వేడి ఎన్ని సెకన్లలో ఎంత కాలుస్తుందో తెలియదు. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ చెప్పే అంకెల ప్రకారం 49 డిగ్రీల నీళ్లకు మూడో డిగ్రీ గాయం కావడానికి 5 నిమిషాలు పడుతుంది. 54 డిగ్రీలకు 30 సెకన్లు, 60 డిగ్రీలకు 6 సెకన్లు, 66 డిగ్రీలకు 2 సెకన్లు. 82 దాటాక తడిసిన బట్ట లాగేసుకునే వ్యవధి కూడా ఉండదు. ఈ పట్టిక బాత్రూమ్ గీజర్‌కి కూడా పనికొస్తుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో కుళాయి దగ్గరికి వచ్చే నీళ్లు 49 దాటకూడదనే సలహా ఇందులోంచే వచ్చింది.

మంచి లేబుల్ ఎలా ఉంటుందో చెప్పే ప్రమాణం కూడా ఉంది, అమెరికాలో దాన్ని ఆన్సీ జెడ్535.4 అంటారు. మాటల ఎంపిక ఇష్టమొచ్చినట్టు ఉండదు. ‘డేంజర్’ అంటే తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో అవుతుంది, ఎరుపు రంగు. ‘వార్నింగ్’ అంటే అవే జరగవచ్చు, నారింజ. ‘కాషన్’ అంటే చిన్న, ఓ మాదిరి గాయం, పసుపు. ‘నోటీస్’ అంటే ఒంటికి కాదు, వస్తువుకి నష్టం, నీలం. కింద మూడు సంగతులు రావాలి: ప్రమాదం ఏమిటి, జరిగితే ఏమవుతుంది, ఎలా తప్పించుకోవాలి. నవ్వు తెప్పించే లేబుళ్లని తీసి చూస్తే దాదాపు ప్రతిదాంట్లో మొదటి రెండూ ఉండవు. “తినకండి” అని మాత్రమే ఉంటుంది. ఎందుకు తినకూడదో చెప్పరు.

ఆ “తినకండి” గురించి కాస్త ఎక్కువ చెప్తాను. కొత్త చెప్పుల పెట్టెలో, మందుల సీసాలో, సంచిలో చిన్న తెల్ల పొట్లం ఉంటుంది. లోపల సిలికా జెల్, అంటే ఇసుకలో ఉండే సిలికాయే, నిండా కంటికి కనిపించని రంధ్రాలతో. గాలిలోని తేమని ఆ రంధ్రాల్లోకి పీల్చుకుంటుంది. మామూలు తెల్ల సిలికా జెల్ విషం కాదు. పొరపాటున నాలుగు గుళికలు మింగితే నోరు ఎండినట్టవుతుంది, అంతే. చిన్నపిల్లలకైతే పొట్లం గొంతుకి అడ్డం పడుతుందన్నదే పెద్ద భయం. మరి అంత గట్టిగా ఎందుకు రాస్తారంటే, పొట్లం అచ్చు ఉప్పో చక్కెరో ఉండే పొట్లంలా ఉంటుంది, పైగా తినేవాటి మధ్య ఉంటుంది.

కానీ అవే కొలతల్లో, అదే తెల్ల కాగితంలో ఇంకో మూడు రకాలు వస్తాయి. తేమ పడితే నీలం నుంచి గులాబీకి మారే గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషపూరితం. చిరుతిళ్ల ప్యాకెట్లలో ఆక్సిజన్ లాగడానికి పెట్టే పొట్లంలో ఇనుప పొడి ఉంటుంది. తెరిచి గాలి తగలగానే అది వేడెక్కుతుంది. మూడోది అన్నిటికంటే చెడ్డది, పొడి సున్నం. నీళ్లు తగిలితే భగ్గుమని వేడెక్కి కంటినీ నోటినీ కాల్చేస్తుంది. ఈ నాలుగింటి మీదా రాసేది దాదాపు ఒకే మాట: తినకండి. ప్రమాదం లేనిదానికీ కన్ను పోయేదానికీ తేడా లేబుల్ మీద కనిపించకపోవడం నాకు మింగుడుపడని విషయం. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘క్విక్ లైమ్’ లేదా ‘కాల్షియం ఆక్సైడ్’ అని ఉంటే ప్యాకెట్ విప్పగానే పొట్లాన్ని చింపకుండా, తడపకుండా పిల్లలకి అందని చెత్తబుట్టలో వేసేయండి. కంట్లో పడితే పొడిని దులిపి, వెంటనే ధారగా పారే నీళ్లతో కనీసం 20 నిమిషాలు కడుగుతూనే ఉండాలి, తర్వాత ఆస్పత్రికి.

వేరుశనగ ప్యాకెట్ మీద “వేరుశనగ ఉంది” అని రాయడం కూడా జోకుల్లో తిరుగుతుంది. అది జోకు కాదు, అలెర్జీ నియమాల నుంచి వచ్చిన పద్ధతి. అమెరికాలో 2004 చట్టం 2006 జనవరి నుంచి 8 ముఖ్యమైన అలెర్జీ కారకాల్ని సాదా మాటల్లో చెప్పాలంది. యూరప్‌లో అలాంటివి 14. పేరులోనే ఉంది కదా అని కొందరు వదిలేస్తే ఎవరు ఎక్కడ వదిలేశారో వెతుక్కోవాల్సి వస్తుంది. అలెర్జీ ఉన్న పిల్లాడి తల్లికి ప్రతి ప్యాకెట్‌నీ ఒకే చోట, ఒకే తీరులో చదవగలగడమే కావాలి. ఈ లేబుల్‌ని నేను పూర్తిగా సమర్థిస్తాను. “వేరుశనగ జాడ ఉండవచ్చు” అన్న మాట మాత్రం వేరు. చాలా దేశాల్లో అది కంపెనీ ఇష్టం, ఎంత మిగిలి ఉంటే రాయాలన్న కొలత లేదు.

నియమం మంచిదైనా ఎలా బెడిసికొడుతుందో నువ్వుల విషయంలో కనబడింది. 2021లో అమెరికా నువ్వుల్ని తొమ్మిదో కారకంగా చేర్చింది, 2023 జనవరి 1 నుంచి అమలు. రొట్టెలు చేసే యంత్రాల మీంచి నువ్వుల జాడ పూర్తిగా తుడవడం కష్టం. కొన్ని బేకరీలు శుభ్రం చేసే బదులు కావాలనే కాస్త నువ్వుల పిండి కలిపి, “నువ్వులు ఉన్నాయి” అని రాసేశాయి. లేబుల్ నిజమే చెప్పింది, కానీ అలెర్జీ ఉన్నవాళ్లు అప్పటిదాకా తింటున్న రొట్టె పోయింది.

కాలిఫోర్నియా 65వ ప్రతిపాదనదీ ఇదే కథ, ఇంకా పెద్ద ఎత్తున. 1986లో ఓటర్లు ఆమోదించిన చట్టం ఇది. క్యాన్సర్‌కీ గర్భస్థ శిశువుకి హానికీ కారణమయ్యే రసాయనాల జాబితాలో 900కు పైగా ఉన్నాయి. హెచ్చరిక పెట్టకపోతే రోజుకి, ఒక్కో ఉల్లంఘనకి 2,500 డాలర్ల దాకా జరిమానా. మామూలు పౌరులు కూడా దావా వేయవచ్చు. అవసరం లేకుండా పెడితే ఆచరణలో భయపడాల్సింది పెద్దగా లేదు. దాంతో దీపాల మీద, సంచుల మీద, పార్కింగ్ గోడల మీద, అన్నిటి మీదా అదే బోర్డు. 2018 ఆగస్టు 30 నుంచి పూర్తి పాఠం ఉన్న హెచ్చరికల్లో కనీసం ఒక రసాయనం పేరు చెప్పాలన్నారు, అది మంచి మార్పు. పేరుంటే వెతికి తెలుసుకోవచ్చు. అదే ఏడు ఒక కోర్టు కాఫీకి కూడా హెచ్చరిక పెట్టమంది, 2019లో ప్రభుత్వం కాఫీని మినహాయించింది.

వినడానికి వింతగా ఉన్నా చక్కగా పనిచేసే లేబుల్ అంటే నాకు మొదట గుర్తొచ్చేది కారు అద్దం మీది మాట: అద్దంలో కనిపించేవి కనిపించినదానికన్నా దగ్గరగా ఉన్నాయి. అమెరికా నియమం ప్రకారం కుంభాకార అద్దం మీద అక్షరాల ఎత్తు 4.8 మి.మీ. నుంచి 6.4 మి.మీ. మధ్య ఉండాలి. ఉబ్బిన అద్దం ఎక్కువ వెడల్పు చూపించడానికి బొమ్మని చిన్నది చేస్తుంది, చిన్నగా ఉన్నది దూరంగా ఉందని మెదడు అనుకుంటుంది. మనం ఊహించలేని సంగతిని, కళ్లు పొరబడే చోటనే, పొరబడే క్షణంలోనే చెప్తుంది. నిచ్చెన పక్క కర్ర మీద గీసే ఎల్ ఆకారపు గీత కూడా అలాంటిదే. గీతలో ఒక చెయ్యి నిటారుగా, రెండోది నేలకు సమంగా కనిపిస్తే నిచ్చెన వాలు 75 డిగ్రీల దగ్గర సరిగా ఉన్నట్టు. గీత లేకపోతే నిచ్చెన ఆనిన ఎత్తులో నాలుగో వంతు దూరంలో కాళ్లు పెట్టాలి. 4 మీటర్ల ఎత్తుకి 1 మీటరు.

కొన్నిచోట్ల మాటకన్నా ఇంకా గట్టిగా చెప్పేది తయారీయే. హెయిర్ డ్రయ్యర్ తీగకి వేలాడే “స్నానాల తొట్టి దగ్గర వాడకండి” అట్ట ఎప్పటినుంచో ఉంది, అయినా చావులు ఆగలేదు. స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ప్లగ్ పెట్టి ఉంటే లోపలిదాకా కరెంటు ఉంటుంది, నీళ్లలో పడితే షాక్ కొడుతుంది. ఇది చాలామందికి తెలియదు. 1991 నుంచి అమెరికాలో వస్తువుల భద్రతని పరీక్షించే యూఎల్ సంస్థ ప్రమాణం, స్విచ్ ఎలా ఉన్నా నీళ్లలో పడగానే కరెంటు తెగిపోవాలంది. అందుకే అక్కడి డ్రయ్యర్లకి టెస్ట్, రీసెట్ బటన్లున్న లావుపాటి ప్లగ్ ఉంటుంది. అలాంటి ప్లగ్ ఉంటే టెస్ట్ నొక్కి డ్రయ్యర్ ఆగుతోందో లేదో అప్పుడప్పుడు చూసుకోండి. ఆగకపోతే దాన్ని వాడకూడదు. అలాంటి ప్లగ్ లేకపోతే ఆ అట్టే దిక్కు, దాన్ని అక్షరాలా పాటించాలి.

ఇక పనికిరాని మాటల మధ్య కూరుకుపోయే మాటలు. మైక్రోవేవ్ మాన్యువల్‌లో 20 హెచ్చరికలుంటే, ఎక్కడో మధ్యలో “నీళ్లు మరుగు కనిపించకుండా పొంగవచ్చు” అని ఒక ముక్క ఉంటుంది. నున్నటి గాజు గ్లాసులో నీళ్లు బుడగ లేకుండా 100 డిగ్రీలు దాటి వేడెక్కుతాయి. చెంచా పెట్టగానే, కాఫీ పొడి వేయగానే ఒక్కసారిగా చిమ్మి మొహం కాలుస్తాయి. వేడిచేసే ముందే గ్లాసులో చెక్క చెంచా వేయండి, ఎక్కువసేపు పెట్టకండి, ఆగాక 30 సెకన్లు లోపలే ఉంచండి. రెండుసార్లు వరసగా వేడిచేసిన నీళ్లతో ఇంకా జాగ్రత్త.

బ్లీచ్ సీసా వెనక “ఇతర వాటితో కలపకండి” అని ఉంటుంది. దేనితో, ఏమవుతుంది అన్నది తరచూ ఉండదు. టాయిలెట్ కడిగే యాసిడ్‌తో, వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో కలిస్తే క్లోరమిన్లు. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి. ఒకటి వాడిన చోట రెండోది వాడాలంటే మధ్యలో నీళ్లతో బాగా కడిగెయ్యాలి. కలిసి ఘాటు వాసన వస్తే తుడవడానికి కూర్చోకుండా బయటికి వచ్చెయ్యాలి. ఈ మాట సీసా వెనక కాదు, మూత పక్కన ఉండాలి.

నాణెంలాంటి లిథియం బ్యాటరీ విషయంలో మాత్రం ఎంత పెద్ద అక్షరాలైనా నాకు ఎక్కువ అనిపించవు. 20 మి.మీ. బిళ్ల పిల్లల ఆహారనాళంలో ఇరుక్కుంటే తడికి కరెంటు పారి క్షారం పుడుతుంది, 2 గంటల్లోనే కండ కాలిపోతుంది. 2022లో అమెరికా దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. వాంతి చేయించకూడదు. ఏడాది దాటిన పిల్లలకి, మింగి 12 గంటలు కాకపోతే, దారిలో 10 నిమిషాలకోసారి 2 టీస్పూన్ల తేనె, 6 సార్ల వరకు ఇవ్వవచ్చు. దానికోసం ప్రయాణం ఆలస్యం చేయకూడదు.

కొత్త వస్తువు మాన్యువల్ చేతికొస్తే పెన్ను తీసుకోండి. చదువుతూ, చెప్పకపోయినా మీకు తెలిసి ఉండేవాటిని కొట్టేయండి. సాధారణంగా మూడు నాలుగు మిగులుతాయి. వాటిని కాగితం మీద రాసి, వస్తువు పక్కనే, వాడే చోట అంటించండి. రిమోటు, బొమ్మ, తూకం యంత్రం లాంటివైతే బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో, గట్టిగా బిగిసిందో లేదో అప్పుడే చూడండి. లేకపోతే మూత మీద గట్టి టేపు అడ్డంగా, నిలువుగా రెండు చుట్లు వేసి, పిల్లలకి అందని ఎత్తులో పెట్టండి.